ఆ ఫ్రేము ఆమె పెట్టుకున్నది

నా జీవితంలో ఎక్కువ భాగం ఎడిటింగ్ గదుల్లోనే గడిచింది. ఎవరో తీసుకొచ్చిన రషెస్ (ఇంకా కోయని ఫుటేజీ) ముందేసుకుని ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చడం నా పని. ఇప్పుడు డాక్యుమెంటరీలు తీయాలనుకునే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళు తెచ్చే విషయాల్లో ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తోంది: వెబ్‌క్యామ్ మోడళ్ళు. ఇంట్లోనో స్టూడియో గదిలోనో కంప్యూటర్ ముందు కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో కబుర్లు చెబుతూ, నవ్విస్తూ, బట్టలు విప్పుతూ సంపాదించుకునే ఆడవాళ్ళు. ఈ పని మీద బయటి దేశాల్లో వచ్చిన సినిమాలు పిల్లలతో కలిసి చూశాను, షాటు షాటుకీ ఆపి మాట్లాడుకున్నాం. అలా తెలిసినవీ, నా పనిలో నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఈ పని చేసుకునే వాళ్ళంటే నాకు గౌరవం ఉంది. ఆ గౌరవం తెర మీదికి ఎందుకు రావడం లేదన్నదే నా బాధ.

1. కెమెరా గురించి ఆమెకు మీకంటే ఎక్కువ తెలుసు

మనం మామూలుగా కెమెరా పట్టుకెళ్ళేది దానికి అలవాటు లేని మనుషుల దగ్గరికి. రైతు, నేత కార్మికుడు, బీడీలు చుట్టే అమ్మ. వాళ్ళ బెరుకు పోగొట్టడమే సగం పని. ఇక్కడ ఆ లెక్క తిరగబడుతుంది. రోజూ గంటల తరబడి లెన్సు ముందు ఉండేది ఆమె. లైటు పెట్టుకునేదీ, ఫ్రేము చూసుకునేదీ, మైకు సరిచేసుకునేదీ, ప్రసారం చేసేదీ ఆమే. మంచం ఏ వైపు నుంచి కనపడాలో తెలుసు. కిటికీ ఎందుకు కనపడకూడదో తెలుసు, ఎదురు బిల్డింగును బట్టి ఊరు పట్టేసేవాళ్ళు ఉంటారు. కొరియర్ డబ్బా మీది అడ్రసు, గోడ మీది కుటుంబం ఫోటో, బయట వినిపించే రైల్వే అనౌన్స్‌మెంటు, ఇవన్నీ లైవ్‌లోకి వెళ్ళకముందే చూసుకుంటుంది. సొంత దేశంవాళ్ళకో సొంత రాష్ట్రంవాళ్ళకో తన పేజీ కనపడకుండా సైటులో బ్లాక్ పెట్టుకుంటుంది.

డాక్యుమెంటరీ టీము ఆ గదిలోకి అడుగుపెట్టగానే ఏం చేస్తుందంటే, ఆ ఫ్రేముకు పక్కగా వెళ్ళి నిలబడుతుంది. రింగ్ లైటు స్టాండు, వైర్ల చిక్కు, కుర్చీ మీద బట్టల కుప్ప, సగం తిన్న ప్లేటు. ఈ షాటు లేని సినిమా నాకు అరుదుగా కనిపించింది. "అసలు సంగతి ఇదీ" అన్నట్టుగా వేస్తారు. ఏ టీవీ స్టూడియోలోనైనా సెట్టు వెనకాల ఉండేది ప్లైవుడ్డూ మేకులే. వార్తలు చదివే మనిషిని అలా పక్కనుంచి తీసి ఆవిడ బండారం బయటపెట్టామని ఎవరూ అనుకోరు. ఈ అమ్మాయి విషయంలో మాత్రం అనుకుంటారు.

ఇది ఈనాటి సంగతీ కాదు. 1991లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ కంప్యూటర్ లాబొరేటరీవాళ్ళు కాఫీ ఉందో లేదో లేచి వెళ్ళకుండా తెలుసుకోవడానికి కాఫీ పాత్ర ముందు కెమెరా పెట్టారు. వెబ్‌క్యామ్ కథ అక్కడ మొదలైంది. 1996లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జెన్నిఫర్ రింగ్లీ అనే కాలేజీ అమ్మాయి తన హాస్టల్ గదిలో కెమెరా పెట్టి, అది తీసిన బొమ్మలు వరసగా సైటులో పడేలా ఏర్పాటు చేసుకుంది. 2003 చివరిదాకా నడిపింది. అప్పట్లో పత్రికలూ టీవీలూ ఆమెను అడిగింది "ఎందుకిలా చేస్తున్నావు" అని. అంత తక్కువ నెట్ స్పీడులో, ఆ రోజుల కెమెరాతో ఎలా చేస్తున్నావని అడగాలని చాలామందికి తోచలేదు. ఆమెలో ఒక సాంకేతిక నిపుణురాలు ఉందన్న సంగతి వెనకపడిపోయింది.

2. "ఎందుకు" అని అడిగే ముందు "ఎన్నింటికి" అని అడగండి

మొదటి ఇంటర్వ్యూలోనే చిన్నతనం, నాన్న, ఇంట్లో గొడవలు, ఎవరు పాడు చేశారు, ఇవే ప్రశ్నలు. దానికి తగ్గట్టు పాత ఫోటోల ఆల్బమ్ మీద కెమెరా మెల్లగా జరుగుతుంది. బ్యాంకు ఉద్యోగిని మీరు అలా అడగరు. ముందు పని గురించి అడగండి: ఎన్నింటికి లాగిన్ అవుతావు, ఎన్నింటికి ఆపుతావు, ఏ దేశంవాళ్ళకు అది రాత్రి, ఏ రోజుల్లో బేరం పలచబడుతుంది, జ్వరం వస్తే ఏం చేస్తావు.

డబ్బు లెక్క ఆమె నోటితోనే చెప్పించండి. చాలా సైట్లలో చూసేవాళ్ళు టోకెన్లు కొనుక్కుంటారు, వాటినే టిప్పుగా వేస్తారు. చాటర్‌బేట్ అనే సైటులో ఒక టోకెన్‌కు మోడల్ చేతికి వచ్చేది 5 సెంట్లు. అంటే ఇరవై టోకెన్లు పడితే ఒక డాలరు. మైఫ్రీక్యామ్స్‌లో క్యామ్‌స్కోరు అని ఒకటి ఉంటుంది. సంపాదనను బట్టి ఆ స్కోరు కదులుతుంది, స్కోరును బట్టి పేజీలో ఆమె పైన కనపడాలా కింద కనపడాలా అన్నది తేలుతుంది. ఒక వారం ఒంట్లో బాగాలేక తక్కువసేపు కూర్చుందనుకోండి, స్కోరు పడుతుంది. స్కోరు పడితే కిందికి వెళుతుంది, కిందికి వెళితే చూసేవాళ్ళు తగ్గుతారు, వాళ్ళు తగ్గితే మళ్ళీ స్కోరు పడుతుంది. ఈ చక్రం తెలియకుండా ఆమె ముఖంలో అలసట చూపిస్తే ప్రేక్షకుడు దాన్ని పశ్చాత్తాపం అనుకుంటాడు.

యాంజెలా జోన్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఈ పని మీద రాసిన పుస్తకం 2020లో వచ్చింది. పేరు 'క్యామింగ్'. డబ్బు, అధికారం, ఆనందం మూడింటినీ ఒకే చోట పెట్టి మాట్లాడుతుంది. షూటింగుకు వెళ్ళేముందు దాన్ని చదవమని నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతాను.

3. ఖాళీ సమయాన్ని కోసేయకండి

ఇది ఎడిటర్లకు చెబుతున్నాను. బేరం లేని కొట్లో కూర్చున్న మనిషిలాగా, ఈ పనిలో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. స్క్రీను మీద నలుగురైదుగురు ఉంటారు, ఎవరూ టిప్పు వేయరు. అయినా ఆమె నవ్వు తగ్గకూడదు. ఒకడు కుక్కపిల్ల గురించి అడుగుతాడు, ఇంకొకడు బూతు రాస్తాడు, వాణ్ణి బ్లాక్ చేస్తుంది, మొదటివాడికి కుక్కపిల్ల పేరు చెబుతుంది. నీళ్ళు తాగుతుంది. మళ్ళీ నవ్వుతుంది. రషెస్‌లో ఇది గంటలకొద్దీ ఉంటుంది. మనం దాన్ని "ఏమీ జరగలేదు" అని పక్కన పడేసి, టోకెన్లు టపటపా పడే ఒక్క నిమిషాన్నే వాడతాం. దాంతో చూసేవాళ్ళకు ఇది సులువుగా వచ్చే డబ్బు అనిపిస్తుంది. ఆ అపోహకు కారణం మన కత్తెర.

షాన్ డన్ 2015లో తీసిన 'క్యామ్ గర్ల్జ్' ఈ విషయంలో చాలావాటికంటే నయం. వాళ్ళ గదుల్లోనే, వాళ్ళ మాటల్లోనే చెప్పించాడు. ఒంటరితనం గురించి, రోజూ వచ్చి పలకరించి వెళ్ళే పాత కస్టమర్ల గురించి మాట్లాడనిచ్చాడు. నాకు ఆ సినిమా ఇష్టం. ఒక్క వెలితి ఏమిటంటే, వాళ్ళంటే ఉన్న అభిమానంలో పడి, ఆ డబ్బులో వాటా ఎవరెవరు కోసుకుంటున్నారో గట్టిగా అడగలేదు. అభిమానం ఉన్నచోట కూడా లెక్క అడగాలి.

4. మ్యూజిక్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి చూడండి

పిల్లలకు నేను చేసి చూపించేది ఇది. అమ్మాయి అద్దంలో చూసుకుంటూ లిప్‌స్టిక్ వేసుకుంటున్న షాటు. దాని కింద చెల్లో తీగ బరువుగా లాగితే ఆమె బలిపశువు. గిటారు పెడితే స్వేచ్ఛాజీవి. ఏమీ పెట్టకుండా ఆ గదిలో ఉన్న ఫ్యాను చప్పుడు, లిప్‌స్టిక్ మూత పడిన టక్కుమనే శబ్దం ఉంచితే, డ్యూటీకి తయారవుతున్న మనిషి. మూడోదే వాడండి.

5. బయట దొరికింది కదా అని తీసుకోకూడదు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే కాబట్టి.

2015లో 'హాట్ గర్ల్స్ వాంటెడ్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. జిల్ బావర్, రోనా గ్రేడస్ దర్శకులు, నటి రషీదా జోన్స్ నిర్మాతల్లో ఒకరు. మయామీలో పోర్న్ రంగంలోకి దిగిన చిన్నవయసు అమ్మాయిల కథ అది. దానికి కొనసాగింపుగా 2017లో 'టర్న్‌డ్ ఆన్' అనే సిరీస్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అది విడుదల కాగానే ఇద్దరు మహిళలు గొంతెత్తారు. వాళ్ళు పెరిస్కోప్ అనే లైవ్ యాప్‌లో పెట్టుకున్న వీడియో నుంచి ఒక చిన్న ముక్క తీసి, వాళ్ళను అడక్కుండా సిరీస్‌లో వాడారు. తమ ముఖాలు ప్రపంచమంతా కనపడే చోటికి వెళ్ళిపోయాయని, తమకు ప్రమాదం తెచ్చారని వాళ్ళన్నారు. అది అప్పటికే బహిరంగంగా ఉన్న వీడియో అని, చట్టం ప్రకారం వాడుకునే వీలుందని తీసినవాళ్ళు సమాధానం చెప్పారు.

చట్టం అనుమతించవచ్చు. నేను అనుమతించను. ఆమె ఆ వీడియో పెట్టినప్పుడు ఎవరు చూస్తారో ఒక అంచనాతో పెట్టింది. ఆ యాప్, ఆ రాత్రి, ఆ కొద్దిమంది. మీరు దాన్ని తీసుకెళ్ళి ఆమె మేనత్త ఆదివారం సాయంత్రం చూసే టీవీలో పెట్టారు. ఆ సిరీస్ ఉద్దేశమేమో ఆడవాళ్ళను ఇంటర్నెట్ ఎలా వాడుకుంటోందో చూపించడం. అదే సిరీస్ ఆడవాళ్ళను అలా వాడుకుంది.

ఇది అమెరికావాళ్ళ గొడవ అని అనుకోవద్దు. మన తెలుగు చానళ్ళలో రెయిడ్ దృశ్యాలు గుర్తు తెచ్చుకోండి. పోలీసు జీపు ముందు చున్నీతో ముఖం కప్పుకుని కూర్చున్న ఆడవాళ్ళు, ఆ చున్నీ సందులోకి దూరే కెమెరా, దాన్నే పదే పదే తిప్పే లూపు. 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో, మన తెలుగువాడే అయిన జస్టిస్ లావు నాగేశ్వరరావు నాయకత్వంలోని ధర్మాసనం, దీని గురించి స్పష్టంగా చెప్పింది. అరెస్టు, రెయిడ్, రెస్క్యూ జరిగేటప్పుడు సెక్స్ వర్కర్లు ఎవరన్నది బయటపడకుండా మీడియా జాగ్రత్త తీసుకోవాలి, బాధితులైనా నిందితులైనా సరే వాళ్ళు గుర్తుపట్టబడేలా ఫోటోలు వేయకూడదు. ఈ ఆదేశాన్ని ప్రింటు తీసి ఎడిటింగ్ గదిలో అంటించుకోమని చెబుతాను.

ఇంకో సంగతి. మన దేశంలో ఐటీ చట్టం 67ఎ సెక్షన్ ఉంది. లైంగిక చర్యలున్న దృశ్యాలను ఎలక్ట్రానిక్‌గా ప్రచురించినా పంపినా, మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా పడవచ్చు. కాబట్టి ఇక్కడ ఈ పని చేసే అమ్మాయిని మీరు తీస్తే, మీ హార్డ్ డిస్కులో ఉన్నది సినిమా ఒక్కటే అని భ్రమపడకండి. ఆమె మీద కేసుకు అదే సాక్ష్యం కూడా. ఒరిజినల్ ఫుటేజీ ఎక్కడ ఉంచుతారు, ఎవరి చేతిలో పడుతుంది, పని అయ్యాక ఎప్పుడు చెరిపేస్తారు, ఇవన్నీ షూటింగుకు ముందే ఆమెతో కూర్చుని మాట్లాడాలి. ముఖాన్ని బ్లర్ చేస్తాం అంటారు. గొంతు సంగతేమిటి? మణికట్టు మీది పచ్చబొట్టు? దుప్పటి డిజైను? రోజూ ఆమె గదిని చూసే కస్టమరు ఆ దుప్పటిని ఇట్టే పట్టేస్తాడు.

6. యజమాని ఎక్కడ?

సినిమా అయిపోయాక ఒక కాగితం మీద రాయండి: తెర మీద ఎవరెవరు కనిపించారు? ఆమె, ఆమె స్నేహితురాలు, వాళ్ళమ్మ, ఒక సైకాలజిస్టు. సైటు నడిపేవాడు కనిపించాడా? స్టూడియో ఓనరు? డబ్బు బదిలీ చేసే కార్డు కంపెనీ? దాదాపు ఎప్పుడూ ఉండరు.

ఇంటి నుంచి ఒంటరిగా చేసుకునేవాళ్ళ పరిస్థితి ఒకటి. రొమేనియాలో, కొలంబియాలో స్టూడియోల్లో చేసేవాళ్ళది వేరు. స్టూడియో అంటే వరసగా చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో కంప్యూటరు, లైటు, మంచం. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2024 డిసెంబరులో కొలంబియా స్టూడియోల మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. బొగొటా, మెడెయిన్, కాలీ లాంటి నగరాల్లో 50 మంది వెబ్‌క్యామ్ మోడళ్ళతో మాట్లాడి రాసింది. నల్లులు, బొద్దింకలు తిరిగే గదులు, విరామం లేకుండా సాగే షిఫ్టులు, ఎగ్గొట్టిన జీతాలు, ఒప్పుకోని పనులు చేయమని ఒత్తిడి. చూసేవాడు కట్టిన దాంట్లో 50 నుంచి 65 శాతం సైటు ఉంచుకుంటుందని, మిగిలిన దాంట్లో 70 శాతం దాకా స్టూడియో తీసుకోవచ్చని అందులో ఉంది. మన లెక్కలో చెప్పాలంటే, స్టూడియో ఆ వాటా మొత్తం తీసుకున్నచోట, కస్టమరు వంద రూపాయలు పెడితే ఆమె చేతికి పదో పదిహేనో వస్తాయి. ఆ లెక్క ఒక్కటి తెర మీద వేస్తే, పది నిమిషాల కన్నీళ్ళు చేయలేని పని చేస్తుంది.

ఇంకా ముఖ్యం, చాలాచోట్ల ఆమె అకౌంటు ఆమె చేతిలో ఉండదు. మోడల్ వెళ్ళిపోయినా స్టూడియో ఆ అకౌంటును ఉంచుకుని ఇంకొకరితో నడిపిస్తుంది. తన పేరుతో కూడబెట్టుకున్న ఫాలోయింగ్ అంతా పోయినట్టే.

ఈ దిక్కుగా చూసిన సినిమాలు కొన్ని ఉన్నాయి. ఒవిడీ అనే ఫ్రెంచ్ దర్శకురాలు ఒకప్పుడు పోర్న్ సినిమాల్లో నటించింది. 2017లో 'పోర్నోక్రసీ' తీసి, ఈ వ్యాపారాన్ని చేజిక్కించుకున్న కంపెనీల డబ్బు వెంట పడింది. ఆ రంగంలో పని చేసిన మనిషి కాబట్టే ఏ తలుపు తట్టాలో ఆమెకు తెలిసింది. 2023లో సుజాన్ హిలింగర్ తీసిన 'మనీ షాట్'లో ఒక విషయం బాగా పట్టుకున్నారు. 2020 డిసెంబరులో పోర్న్‌హబ్‌లో మైనర్ల వీడియోలు, అనుమతి లేని వీడియోలు ఉన్నాయని పెద్ద దుమారం రేగింది. ఆ ఆరోపణల్లో బలముంది, చర్య జరగాల్సిందే. వీసా, మాస్టర్‌కార్డ్ ఆ సైటుకు చెల్లింపులు ఆపేశాయి. దెబ్బ మాత్రం తమ వీడియోలు తామే చట్టబద్ధంగా అమ్ముకునే ఆడవాళ్ళ మీద కూడా పడింది. ఆ ఆడవాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళ వాదన వాళ్ళ చేతే చెప్పించిందా సినిమా.

7. కస్టమరును కూడా చూపించండి

నేను పైన తప్పు పట్టిన సిరీస్‌లోనే మెచ్చుకోదగ్గదీ ఉంది. 'టర్న్‌డ్ ఆన్'లో ఒక భాగం ఒక క్యామ్ మోడల్‌నూ, ఆస్ట్రేలియాలో ఉండే ఆమె కస్టమరునూ ఇద్దర్నీ చూపించింది. డబ్బు పెట్టే మనిషికి ముఖం, ఇల్లు, ఆశ, ఒంటరితనం ఉంటాయని కనపడింది. మిగతా సినిమాల్లో కస్టమరంటే స్క్రీను మీద పరుగెత్తే చాట్ అక్షరాలే.

8. కాపాడేవాడి కథ రాయకండి

కలకత్తాలో సెక్స్ వర్కర్లు ఉండే సోనాగాచీలోని పిల్లల మీద తీసిన 'బార్న్ ఇంటు బ్రోథెల్స్'కు 2005లో ఆస్కార్ వచ్చింది. ఫోటోలు తీసే ఆ పిల్లల ప్రతిభ నాకూ నచ్చింది. అయితే అందులో వాళ్ళ తల్లులు దాదాపుగా అరుస్తూ, తిడుతూనే కనిపిస్తారు. బయటినుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు పిల్లల్ని గట్టెక్కించే కథగా నడుస్తుంది. అంతకు మూడేళ్ళ ముందే, 2002లో, షోహిణి ఘోష్ అదే కలకత్తాలో 'టేల్స్ ఆఫ్ ద నైట్ ఫెయిరీస్' తీసింది. అక్కడ అవే వీధుల ఆడవాళ్ళు సంఘం పెట్టుకున్నారు, వాదిస్తారు, నవ్వుతారు, తమ పనికి హక్కులు అడుగుతారు. రెండూ పక్కపక్కన చూడండి. క్యామ్ మోడళ్ళ సినిమాల్లోనూ ఇదే తేడా. చివరికి ఆమె పని మానేసిందా లేదా అన్నదే క్లైమాక్సుగా పెట్టుకుంటే, మీరు మొదటి రకం సినిమా తీస్తున్నారు.

9. ఆమె సమయానికి డబ్బు కట్టండి

డాక్యుమెంటరీలో మనుషులకు డబ్బిస్తే నిజం చెడిపోతుందని మాకు నేర్పారు. వయసు వచ్చాక నేను ఆ మాట ఒప్పుకోవడం మానేశాను. కెమెరా ముందు ఉండటమే ఆమె జీవనాధారం. మీ ఇంటర్వ్యూకి నాలుగు గంటలు కూర్చుంటే ఆ నాలుగు గంటల సంపాదన పోతుంది, స్కోరూ పడుతుంది. కెమెరామన్‌కిస్తారు, సౌండ్ వాళ్ళకిస్తారు, ఆమెకు ఎందుకివ్వరు? ఇవ్వండి. ఇచ్చామని టైటిల్స్‌లో వేయండి.

10. ఒక్కోసారి డాక్యుమెంటరీ కంటే కథే నయం

ఈసా మజ్జీ స్వయంగా క్యామ్ మోడల్‌గా పనిచేసింది. ఈ పని మీద డాక్యుమెంటరీ తీయాలనే మొదలుపెట్టింది. తర్వాత మనసు మార్చుకుని కథ రాసింది. అదే 2018లో డేనియల్ గోల్డ్‌హేబర్ దర్శకత్వంలో వచ్చిన 'క్యామ్'. చూసేవాళ్ళను ఆ అమ్మాయి స్థానంలో నిలబెట్టాలంటే ఇదే దారి అనుకుంది. అందులో ఒక రోజు హీరోయిన్ లాగిన్ కాలేకపోతుంది. చూస్తే ఆమె అకౌంటులో, ఆమె గదిలాంటి గదిలో, అచ్చం ఆమెలాగే ఉన్న ఇంకొకత్తె లైవ్‌లో ఉంటుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వాళ్ళకు పట్టదు. పోలీసులకు చెబితే ఈ పని చేస్తున్నందుకు ఆమెనే తప్పుగా చూస్తారు. హారర్ సినిమాయే, కానీ అందులో భయం చూసేవాళ్ళ నీతిభయం కాదు, పనిచేసేవాళ్ళ భయం: అకౌంటు పోతే నేనెవర్ని? కొలంబియా నివేదికలో స్టూడియోలు ఉంచేసుకున్న అకౌంట్ల సంగతి చదివినప్పుడు నాకు ఈ సినిమాయే గుర్తొచ్చింది. ఆ భయాన్ని ఇంటర్వ్యూలో ఏ ప్రశ్న వేసి రాబట్టగలరు?

11. కట్ లాక్ చేసే ముందు

ఆమెను పిలిచి మొత్తం సినిమా చూపించండి. ఫోన్‌లో లింకు పంపితే సరిపోదు, పక్కన కూర్చోండి. ఆమె చూసేటప్పుడు ముందుగా పట్టుకునేవి మీకు తట్టవు. ఒక అమ్మాయి తన ముఖం గురించి ఒక్క మాటా అనలేదని, ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించిన స్కూలు ఫీజు రసీదు చూసి మాత్రం ఆగమందని ఒక దర్శకురాలు నాకు చెప్పింది. తమ్ముడి స్కూలు పేరు దాని మీద ఉంది. ఆ షాటులో వెలుతురు చాలా బాగుందట. తీసేశారు.

డిస్ట్రిబ్యూటరుతో ఒప్పందం రాసేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. ఆమె తన పేజీని ఏ దేశంలో, ఏ రాష్ట్రంలో కనపడకుండా బ్లాక్ చేసుకుందో అడిగి రాసుకోండి. సినిమా కూడా ఆ దేశంలో, ఆ రాష్ట్రంలో విడుదల కాకూడదని, అక్కడ ప్రోమోలు, పోస్టర్లు, యూట్యూబ్ ముక్కలు కూడా కనపడకూడదని ఒక క్లాజు పెట్టండి. రాష్ట్రం దాకా బ్లాక్ చేయడం తన వల్ల కాదని డిస్ట్రిబ్యూటరు అంటే, ఆ సంగతి సంతకానికి ముందే ఆమెకు చెప్పాలి, షూటింగుకు ఒప్పుకున్న మాట మీద ఆమె అప్పుడు మళ్ళీ ఆలోచించుకునే వీలుండాలి. డిస్ట్రిబ్యూటరు ఒప్పుకోడు, మార్కెట్ పోతుందంటాడు. ఇంకో డిస్ట్రిబ్యూటరును వెతకండి.